మూపు అనే ఊరు

పెద్దలు వచ్చేవరకు నువ్వు లోపలిదానివీ కాదు, బయటిదానివీ కాదు, ఇక్కడే కూర్చో అన్నాడు కావలివాడు. అందుకని హొగ్లా, షెకెం ఊరి ద్వారంలో, బయటి తలుపుకూ లోపలి తలుపుకూ మధ్య ఉన్న రాతి అరుగు మీద కూర్చుంది. లోపలి తలుపు మూసి ఉంది. బయటి తలుపు బార్లా తెరిచి ఉంది. పెద్దలెక్కడ అని అడిగితే కావలివాడు విసుక్కున్నాడు, తొలివాన పడింది, ఆలివు కాయలు దులిపే రోజులు, ఊళ్ళో మగవాడనేవాడు ఇంట్లో ఉంటాడా అని. మనిషిని పంపాను, వస్తారు, వచ్చి నీ మాట వింటారు, సరే అంటే లోపలికి పోతావు అన్నాడు. సరే అనకపోతే? అది అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఈలోగా నన్ను తరుముకుంటూ వచ్చేవాడు వస్తే, అని మాత్రం అడిగింది. కావలివాడు గడ్డం గోక్కుని, ద్వారంలో కూర్చున్నవాళ్ళను చంపొచ్చో లేదో నాకు తెలియదమ్మా, నేనుండగా ఎప్పుడూ జరగలేదు అన్నాడు. అనేసి బయట ఎండలో గాడిదకు నీళ్ళు పెట్టుకోవడానికి వెళ్ళాడు. అతనికి అదొక మామూలు మధ్యాహ్నం. తెరిచిన తలుపులోంచి దారి కనిపిస్తోంది, ఏబాలు కొండ బోడి పాదాన్ని చుట్టుకుని వచ్చే దారి. ఆ దారిలో యాషూబు వస్తాడు, గొడ్డలి పట్టుకుని వస్తాడు. రాకపోతే తేబేసు ఊళ్ళో అతన్ని మగాడనరు. పొద్దున హొగ్లా చేతుల్లోంచి పోయిన రాయి కింద నలిగి చచ్చినవాడు యాషూబు తమ్ముడు షిమ్రోను. తండ్రి లేని ఇంట్లో తమ్ముడి నెత్తురుకు బదులు తీర్చాల్సింది అన్నే. యాషూబు హొగ్లా మొగుడు. పెళ్ళైన కొత్తలో అతని అడుగుల చప్పుడు వీధి మలుపులోనే గుర్తుపట్టేది, పొయ్యి మీద కుండ దించి వాకిట్లోకి వచ్చేది. ఇప్పుడూ అదే చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంది.

రాత్రి వాన పడింది. వాన పడ్డ మర్నాడు మిద్దె ఎక్కి దొర్లుడు రాయితో మట్టిని అణచకపోతే పగుళ్ళు విచ్చుకుంటాయి, రెండో వానకు ఇల్లంతా కారుతుంది. ఆ పని ఆడవాళ్ళది, తేబేసులో ప్రతి మిద్దె మీదా పొద్దున్నే ఒక ఆడది రాయి దొర్లిస్తూ ఉంటుంది, మిద్దె నుంచి మిద్దెకు కబుర్లు, నవ్వులు. హొగ్లా కూడా నవ్విందా? పక్కింటావిడ ఏదో అంది, ఏమంది, గుర్తు లేదు. మట్టి మెత్తగా ఉంది, పాదం కింద చల్లగా జారింది, అంతవరకు గుర్తుంది. రాయి తనకంటే ముందు వెళ్ళింది. ఆపుదామని రెండు చేతులూ చాపింది. చాపిందా, తోసిందా? లేదు, ఆపుదామనే. అంచు దాటాక ఆ రాయి చప్పుడు చెయ్యలేదు, అదే ఘోరం, చప్పుడు కింద వచ్చింది, అదీ రాయి మీద రాయి పడ్డ చప్పుడు కాదు. ఆ తరువాత పిట్టలు అరిచాయి, ఎక్కడో కుక్క మొరిగింది, పక్క మిద్దె మీద ఆడది ఇంకా ఏదో చెబుతూనే ఉంది. హొగ్లా మోకాళ్ళ మీద అంచు దాకా పాకి కిందికి చూసింది. చూడకుండా ఉండాల్సింది. షిమ్రోను చెప్పు వారు కట్టుకోవడానికి వంగినట్టున్నాడు, ఒక చెప్పు కాలికి ఉంది, ఒకటి పక్కన పడి ఉంది. ఆ పక్కన పడ్డ చెప్పే ఇప్పుడు కళ్ళు మూసినా కనిపిస్తోంది, తెరిచినా కనిపిస్తోంది.

దారి మీద దుమ్ము లేచింది. అతనే. కాదు, మేకలు, మేకల వెనక ఒక ముసలాయన. పోయాడు. పరుగెత్తుకుంటూ వచ్చేటప్పుడు నాలుగు దారులు కలిసే చోట ఆశ్రయం అని చెక్కిన రాతి స్తంభం కనిపించింది, షెకెం వైపు వేలు చూపిస్తూ. చిన్నప్పటి నుంచీ చూస్తున్న స్తంభమే, ఆ నీడలో కూర్చుని అంజూరపు పళ్ళు తిన్నది కూడా. చెయ్యి జారి మనిషిని చంపినవాళ్ళు, బదులు తీర్చేవాడి చేతికి చిక్కకుండా షెకెం చేరడానికి పెట్టిన స్తంభం అది, ఎవరి కోసమో అని ఒక్కసారైనా అనుకోలేదు. ఏటా వసంతంలో ఊరి మగవాళ్ళంతా పారలు పట్టుకుని ఆ దారి బాగు చెయ్యడానికి వెళతారు, గుంతలు పూడ్చి, రాళ్ళు ఏరి, ముళ్ళు కొట్టి, ప్రాణభయంతో పరుగెత్తేవాడి కాలికి ఏదీ తగలకూడదని. యాషూబు వెళ్ళేవాడు. నడుం పట్టేసిందని వచ్చి పడుకుంటే ఆమె నూనె రాసి మర్దన చేసేది, ఎవడో హంతకుడి కోసం నీ నడుమెందుకు విరగ్గొట్టుకుంటావు అని నవ్వేది కూడా. ఇవాళ ఆ దారిలో ఎక్కడా కాలికి ఎదురుదెబ్బ తగల్లేదు. అంత శుభ్రంగా చేశాడు. అదే దారిలో అతని కాలికీ ఏమీ తగలదు, ఆ సంగతి తట్టగానే ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడిస్తే దారి సరిగ్గా కనిపించదని ఏడుపు దిగమింగింది.

షెకెం. షెకెం అంటే మూపు. నాన్న చెప్పాడు, ఆమెను మూపున ఎక్కించుకుని పండగకు ఈ ఊరే తీసుకొచ్చినప్పుడు. అదిగో చూడు పిల్లా, ఇటు గెరిజీము, అటు ఏబాలు, రెండు కొండలూ రెండు రెక్కలు, మధ్యలో ఊరు ఎక్కడుందో చూడు, సరిగ్గా నువ్విప్పుడు కూర్చున్న చోటే, మూపు మీద. ఆమె అతని జుట్టు పట్టుకుని ఊగుతూ ఇంకా ఇంకా అంది, ఆయనకు చెప్పడం ఇష్టం. కొందరు చెప్పేది వేరు, పూర్వం ఈ ఊరి దొర కొడుకు పేరు షెకెం, వాడి పేరే ఊరికి వచ్చిందని, వాడు ఒక పరాయి పిల్లను చెరిచాడని, ఆ పిల్ల అన్నలు వచ్చి ఊళ్ళో మగవాడనేవాణ్ణి మిగల్చలేదని. ఆ కథ నాన్న సగంలో ఆపేసి, అది పెద్దయ్యాక వింటావులే అన్నాడు. ఇంకొందరు, మన జాతికి మూలపురుషుడైన తాత చచ్చిపోతూ ఇష్టమైన కొడుక్కి మిగతావాళ్ళ కంటే ఒక మూపు ఎక్కువ ఇచ్చాడని, ఆ ఎక్కువ వాటా ఈ ఊరేనని చెబుతారు. నాన్నకు ఇవేవీ నచ్చవు. మూపు అంటే బరువు మోసే చోటు, అంతే, దేశంలో ఇన్ని ఊళ్ళున్నాయి, బావి పేరు, చెట్టు పేరు, సూర్యుడి పేరు, దీనికొక్కదానికే బరువు మోసే పేరు, అందుకే పరుగెత్తుకొచ్చినవాళ్ళను మోసే పని దీనికిచ్చారు అనేవాడు. నాన్న బతికుంటే ఇప్పుడు ఏమనేవాడో. ఈ బరువు చూసి ఏమనేవాడో.

లోపలి తలుపు కొంచెం తెరుచుకుని ఒక ముసలమ్మ బయటికి వచ్చింది, చేతిలో రొట్టె, ఇంకో చేతిలో నీళ్ళ ముంత. పేరు మిల్కా అని, ఈ ఊళ్ళో పరుగెత్తుకొచ్చినవాళ్ళందరికీ మొదటి ముద్ద తానే పెడతానని చెప్పుకుంది. హొగ్లా ముంత అందుకుని గడగడా తాగింది. రొట్టెకు చెయ్యి చాపితే మిల్కా వెనక్కి తీసుకుంది.

"ముందు చెప్పాలి పిల్లా. ఈ ఊళ్ళో మనబోటివాళ్ళకు ఎవరేం పెట్టినా, ఏ మర్యాద చేసినా, ముందు నేను మనిషిని చంపినదాన్ని అని చెప్పాలి. విన్నాక కూడా పర్లేదు తీసుకో అంటే తీసుకోవాలి."

"చెయ్యి జారిందవ్వా."

"చెయ్యి సంగతి నేనడగలేదు."

హొగ్లా నోరు తెరిచింది, నోట మాట రాలేదు. పొద్దున్నుంచి ఎన్ని మాటలు అనుకుంది, జారింది, పడింది, తగిలింది, పోయాడు, ఆ ఒక్క మాట తప్ప. సరేలే, ఆ మాట తర్వాత ఆకలే నీచేత అనిపిస్తుంది అని మిల్కా పక్కన చతికిలబడింది. తాను కొత్త కోడలుగా ఉన్నప్పుడు వచ్చిందట, బావిలోకి కుండ దించుతుంటే తాడు తెగి, పూడిక తీస్తున్నవాడి మీద పడిందట. ఊరి సరిహద్దు రాళ్ళు దాటితే చంపినా అడిగేవాడు లేడు, అప్పటి నుంచీ వాటి అవతలి గడ్డి ఎలా ఉంటుందో తెలియదంది. దేశానికి పెద్ద పూజారి, ఆ ప్రధాన యాజకుడు చచ్చిపోతే పరుగెత్తుకొచ్చినవాళ్ళందరూ ఇళ్ళకు పోవచ్చు, ఎవరూ ఏమీ అనకూడదు, అది కట్టుబాటు. ఆయన చావడు. ఏం తింటాడో, ఎక్కడి వైద్యమో అని మిల్కా పళ్ళు లేని నోటితో నవ్వింది. ఆయన తల్లి మనకోసం రొట్టెలూ బట్టలూ పంపుతుంది, మనం కూర్చుని తన కొడుకు చావు కోరుకోకూడదని. ఈ రొట్టె కూడా ఆవిడదే. తింటాను, తిన్నంతసేపు కోరుకోను, మూతి తుడుచుకున్నాక మళ్ళీ కోరుకుంటాను, ఏం చెయ్యమంటావు అంది. హొగ్లాకు నవ్వు రాలేదు, ఈ ముసలిదాని ముఖంలో తన ముఖం కనిపించింది.

భయం కూడా ఒక చోట నిలవదు. కాసేపు దారి మీద ఉంటుంది, కాసేపు గోడల్లోకి పోతుంది. ఈ గోడలు కొత్తవి, కింద వరసలు పాతవి, ఆ పాత రాళ్ళు నల్లగా ఎందుకున్నాయో తేబేసులో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఒకప్పుడు ఈ ఊరి మీద ఇక్కడి రాజే విరుచుకుపడ్డాడు, అన్నదమ్ములను చంపి గద్దెనెక్కినవాడు. జనం పారిపోయి కోటలో, గుడి నేలమాళిగలో దాక్కున్నారు, అది గట్టి చోటని, దేవుడి చోటని. వాడు కొండెక్కి కొమ్మ నరికి మూపున వేసుకుని, నేను చేసినట్టే చెయ్యండని సైన్యంతో అన్నాడు. అందరూ తలా ఒక కొమ్మ తెచ్చి కోట చుట్టూ పేర్చి నిప్పు పెట్టారు. ఆశ్రయమని లోపలికి పోయినవాళ్ళు లోపలే పోయారు, ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ. ఆ పైన ఊరంతా దున్ని ఉప్పు చల్లించాడు, ఇక ఇక్కడ ఏదీ మొలవకూడదని. మొలిచింది. మళ్ళీ కట్టారు, మళ్ళీ పెళ్ళిళ్ళు చేసుకున్నారు, మళ్ళీ అదే పేరు పెట్టుకున్నారు. అంత కాలినా పేరు కాలలేదు. కానీ ఈ ఊరిని నమ్మవచ్చా? మూపు మీద ఎక్కించుకున్నదాన్ని దించడానికి ఒక్క విదిలింపు చాలు. ఆమె అరుగు మీద వేలు పెట్టి రాసి నాలుకకు తగిలించుకుంది, ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. ఉప్పగా ఉంది. తన చెమటే కావచ్చు.

ఆ రాజు చావు తేబేసులోనే, హొగ్లా ఊళ్ళోనే. అక్కడి కోటకూ నిప్పు పెట్టబోతే పైనుంచి ఒక ఆడది తిరగలి రాయి వాడి నెత్తిన పడేసింది, బుర్ర పగిలింది. ఆవిడ పేరు ఎవరికీ తెలియదు గాని ఊరంతా ఆవిడ మనవరాళ్ళమే అని చెప్పుకుంటారు. అప్పటి నుంచీ తేబేసు ఆడవాళ్ళకు అదొక నోటి అలవాటు, నీ నెత్తిన రాయి పడ. పాలు తాగని పిల్లాణ్ణి అంటారు, ఆలస్యంగా వచ్చిన మొగుణ్ణి అంటారు, ముద్దొచ్చినా అంటారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తేబేసు కోడలిని తెచ్చుకుంటే తలపాగా మందంగా చుట్టుకోమని వరుణ్ణి ఏడిపిస్తారు. హొగ్లా కూడా రోజుకు ఎన్నిసార్లు అనేదో లెక్కా పత్రం లేదు. కానీ మొన్న అన్నది ఆ లెక్కలోది కాదు. తల్లి చచ్చిన మేకపిల్లను ఆమె వేలికి పాలు తడిపి పెట్టి పెంచింది, అది ఆమె కొంగు వదిలేది కాదు. షిమ్రోను ఎవరో స్నేహితులొచ్చారని దాన్ని కోసేశాడు, అడగలేదు, చెప్పలేదు. వాకిట్లో దాని తోలు ఆరేసి ఉంటే చూసింది. చూసి ఇంట్లోకి వెళ్ళి, అన్నదమ్ములిద్దరూ తింటున్న చోట నిలబడి అంది, నీ నెత్తిన రాయి పడ. గొంతు తనది కాదు. షిమ్రోను నవ్వాడు. "అమ్మది పొద్దున్నే పడింది, నీదిప్పుడు పడింది, ఇంక నా నెత్తి మీద చోటు లేదు వదినా." యాషూబు నవ్వలేదు. ముద్ద చేతిలో పట్టుకుని ఆమె ముఖం వంక చూశాడు, ఎప్పుడూ చూడనంతసేపు చూశాడు. అతనికి తెలుసు అది ముద్దు మాట కాదని. ఈ లోకంలో అతనొక్కడికే తెలుసు.

పెద్దలు అడిగే ప్రశ్న ఒకటే. చెయ్యి జారిందా అని కాదు, చెయ్యి జారిందని అందరూ చెబుతారు. నిన్నా మొన్నా అతని మీద నీకు పగ ఉందా అని అడుగుతారు. ఉందని తేలితే ఈ ద్వారంలోంచి ఆమెను వాళ్ళే బయటికి తోస్తారు, యాషూబు చేతికి అప్పగిస్తారు, ఇక ఏ ఊరూ మొయ్యదు. ఉందా? మొన్న రాత్రి పడుకుని వాడి చావు కోరుకుందా? మేకపిల్ల కోసం ఏడ్చింది, అంతే. అంతేనా? పొద్దున మిద్దె మీద ఉండగా కింద ఎవరో ఈల వేశారు. షిమ్రోను ఈలే, చెప్పులు కట్టుకునేటప్పుడు వేస్తాడు. వినిపించింది. లేదు, అది పక్కింటి వైపు నుంచి. ఈల వినిపించి, ఆ తరువాత పాదం జారిందా, జారిన తరువాత వినిపించిందా? ఇంత పెద్ద సంగతి ఎలా గుర్తుండదు? తలచుకున్న ప్రతిసారీ వేరేలా వస్తోంది, ఒకసారి చేతులు ఆపుతున్నాయి, ఒకసారి చేతులు ఊరికే ఉన్నాయి, ఒకసారి, దేవుడా, ఒకసారి తోస్తున్నాయి. పెద్దలు తన ముఖం చూస్తే కనిపెట్టేస్తారు. తనకే తెలియనిది వాళ్ళకు తెలిసిపోతుంది. అత్త హగ్గీతు కొడుకు తల ఒడిలో పెట్టుకుని, బట్టంతా తడిసి, తలెత్తి చూసి అన్నది కూడా అదే చూపుతో. "పరుగెత్తవే. వాడు పొలం నుంచి వచ్చేలోపు పో. ఒకణ్ణి పోగొట్టుకున్నాను, ఇంకొకణ్ణి పెళ్ళాన్ని చంపినవాణ్ణి చెయ్యకు." కొడుకును పోగొట్టుకున్న తల్లి తన ప్రాణం కాపాడింది, ఆ మాటలో ప్రేమ లేదు, అయినా కాపాడింది. హొగ్లా కనీసం ఆమె కాళ్ళ మీదైనా పడలేదు.

పిల్లా, అంది మిల్కా. మాట మెల్లగా ఉంది. హొగ్లా తలెత్తింది. ఏబాలు మలుపులో ఒక మనిషి. పరుగెత్తడం లేదు, నడుస్తున్నాడు, కుడిచేతిలో గొడ్డలి, ఎడమ చంకలో ఏదో గుడ్డ మూట. అంత దూరం నుంచే ఆమెకు ఆ నడక తెలుసు. పరుగెత్తి వస్తాడనుకుంది, అరుస్తూ వస్తాడనుకుంది. లేచి లోపలి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. తలుపు తెరవమని పిలుద్దామంటే కావలివాడు గాడిద దగ్గర నుంచి ఇంకా రాలేదు. యాషూబు దగ్గరికొస్తున్న కొద్దీ అతని చొక్కా మెడ దగ్గర చిరిగి ఉండటం కనిపించింది, చావు కబురు వినగానే చింపుకున్నది. ఆ చొక్కా తానే కుట్టింది. నెత్తి మీద మట్టి పోసుకున్నాడు, చెమటకు అది చారలు కట్టింది. బయటి గడప దగ్గర ఆగాడు. అక్కడి నుంచి ఆమెకు చెయ్యి చాపితే అందేంత దూరం. ఎవరూ లేరు అడ్డం, ఒక ముసలమ్మ తప్ప. యాషూబు ఆమెను చూశాడు, మొన్న ముద్ద చేతిలో పట్టుకుని చూసినట్టే, అంతసేపు. ఆమె కళ్ళు మూసుకుంది. మూసుకుంటే మళ్ళీ ఆ చెప్పు. ఎప్పుడు పడుతుంది, మెడ మీదా, తల మీదా, నొప్పి తెలుస్తుందా. రాతికి ఇనుము తగిలిన చప్పుడైంది. కళ్ళు తెరిచి చూస్తే గొడ్డలి గోడకు ఆనించి ఉంది, యాషూబు బయట నేల మీద కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని.

పెద్దలు వచ్చేసరికి చేతులకు ఆలివు నూనె జిడ్డు, గడ్డాల్లో ఆకులు. వాళ్ళలో పెద్దవాడు గద్దీయేలు అరుగు మీద కూర్చుని, చేతులు తుడుచుకుని, ఎవరివమ్మా నువ్వు అని అడిగాడు. హొగ్లా అంది, నేను మనిషిని చంపినదాన్ని. ఇందాక రాని మాట ఇప్పుడెలా వచ్చిందో తెలియదు, యాషూబు వింటూ ఉండగా వచ్చింది. ఎలా జరిగిందో అడిగారు, చెప్పింది, చచ్చింది మరిది కావడం, బయట కూర్చున్నది మొగుడు కావడం, మట్టి మెత్తగా ఉండటం, పాదం జారడం. ఈల సంగతి చెప్పలేదు. నిన్నా మొన్నా అతని మీద పగ ఉందా అని అడిగారు. అడుగుతారని తెలిసిన ప్రశ్నే, పొద్దున్నుంచి దానికోసమే వణుకుతోంది. లేదు అనాలి. ఒక్క మాట. ఆమె నోరు తెరిచి, మేకపిల్ల, అంది. మేకపిల్లేమిటి అన్నాడు గద్దీయేలు. ఆమె చూపు బయట కూర్చున్న యాషూబు మీదికి పోయింది. మిగతావాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. గద్దీయేలు ఆమెను వదిలి యాషూబు వైపు తిరిగాడు.

"చనిపోయినవాడికి అన్నవు నువ్వు. ఈవిడకు మొగుడివి కూడా నువ్వే. ఒకే ఇంట్లో ఉన్నావు. దేవుడి ఎదుట చెప్పు. వాణ్ణి ఈవిడ ఎప్పుడైనా శపించిందా?"

యాషూబు తలెత్తలేదు. "లేదు."

"మీ ఊరి ఆడవాళ్ళ మాట మాకు తెలియనిది కాదు. నెత్తిన రాయి పడ అని ఒక్కసారైనా అనలేదా?"

"అనలేదు."

"తేబేసులో ఆ మాట అనని ఆడది ఉందా నాయనా?"

"మా ఇంట్లో ఉంది పెద్దయ్యా."

ఎవరూ నవ్వలేదు. అది అబద్ధమని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అందరూ అనే మాటే, అందులో పగేముంది అనేసి ఉంటే సరిపోయేది, అదైనా నమ్మేవాళ్ళు. కానీ యాషూబు అలా అనలేదు, ఎందుకంటే మొన్నటి మాట అందరూ అనే మాట కాదని అతనికి తెలుసు, దాన్ని సగం చెబితే మిగతా సగం తన ముఖంలో కనిపిస్తుందని తెలుసు. దేవుడి పేరు మీద, తమ్ముడి నెత్తురు ఇంకా ఆరకముందే, మొత్తం అబద్ధం ఆడాడు. హొగ్లాకు అది విన్నాక ఊపిరి ఆడాలి, ఆడలేదు. అంటే అతను నమ్ముతున్నాడు. కావాలనే చేసిందని నమ్ముతూనే ఆ అబద్ధం ఆడాడు. లేక తనలాగే అతనికీ తెలియదేమో, తెలుసుకోవడం ఇష్టం లేదేమో. అడగడానికి ఇక ఎప్పటికీ వీలుండదు. గద్దీయేలు లేచాడు, చెయ్యి జారింది, లోపలికి రానివ్వండి, ప్రధాన యాజకుడు బతికినంతకాలం ఈ ఊరు ఈమెను మోస్తుంది అన్నాడు. లోపలి తలుపు తెరిచారు.

యాషూబు లేచి గుడ్డ మూట మిల్కా చేతికిచ్చాడు. హొగ్లా చలికాలపు దుప్పటి, అమ్మ పంపింది అన్నాడు. సాయంత్రానికి షిమ్రోనును సమాధి గుహలో పెడతామని, వెళ్ళాలని కూడా చెప్పాడు. పెద్దలు లోపలికి నడుస్తున్నారు. అప్పుడు అతను గడప దగ్గరికి వచ్చి, వాళ్ళకు వినిపించకుండా, వచ్చాక మొదటిసారి ఆమె పేరు పిలిచాడు.

"హొగ్లా. బయటికి రాకు. నా కోసం కూడా రాకు. సరిహద్దు రాళ్ళు దాటి నువ్వు నాకు కనిపిస్తే, నేను చెయ్యాల్సింది చేస్తాను. ఇవాళ ఆడిన అబద్ధం మళ్ళీ ఆడలేను."

అతని గొంతులో కోపం లేదు. అది బెదిరింపైతే ఆమె తట్టుకునేది. పొలం వెళ్ళే ముందు గొర్రెలకు నీళ్ళు పెట్టమని చెప్పే గొంతుతోనే చెప్పాడు, నిజం చెప్పేటప్పుడు అతనికి ఉండే గొంతు. గొడ్డలి అందుకుని వెళ్ళిపోయాడు. వచ్చినప్పటి కంటే నెమ్మదిగా, మధ్యలో ఒకచోట ఆగి, తిరిగి చూస్తాడనుకుంటే వంగి దారి మధ్యలో ఉన్న రాయొకటి తీసి పక్కన పారేసి, మళ్ళీ నడిచాడు. అన్నం తిని ఉంటాడా? మట్టి కడుక్కోమని ఎవరు చెబుతారు, ఆ చిరిగిన మెడ ఎవరు కుడతారు? చీకటి పడితే ఆ ఇంట్లో ఒక తల్లీ ఒక కొడుకూ ఎదురెదురుగా కూర్చుంటారు, దీపం ఎవరు వెలిగిస్తారు? ఇంతసేపూ ఆ దారిలో అతను వస్తాడని హడలిపోయింది. వచ్చాడు, పోతున్నాడు, ఇంకాసేపట్లో మలుపు తిరుగుతాడు. ఇక ఆమెకు ముంచుకొచ్చిన భయం వేరే. ఏదో ఒక సాయంత్రం, అతనికి ఒంట్లో బాగాలేదని కబురు వినో, ఊరికే అతన్ని చూడాలనిపించో, ఏమీ ఆలోచించకుండా ఆ దారిలో తానే బయల్దేరుతుంది. మిల్కా తన వెనక్కి వచ్చి నిలబడటం, తన మణికట్టు గట్టిగా పట్టుకోవడం ఆమెకు తెలియలేదు.

"బయటి తలుపు వేస్తున్నారు పిల్లా. కాలు లోపలికి తియ్యి."

హొగ్లా కిందికి చూసింది. ఆమె కుడికాలు గడప అవతల ఉంది. తియ్యడానికి చాలాసేపు పట్టింది.